తిల్లచెట్ల వెనక పాయ

మా మామ్మ నావ పట్టుబడింది నా వల్లే. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. చర్చిలో కళ్ళు మూసుకుని చేసుకునే ప్రార్థనలో కూడా విడిగా చెప్పలేదు. "నా తప్పులు" అని అన్నిటితో కలిపేసి దాటేశాను. చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటుంది నాకు. ఆ రోజు పేజీలో ఉన్నది రెండే వాక్యాలు. "పోటు పొద్దున్నే వచ్చింది. ఎండగా ఉంది."

పోయిన నెల మా కాలేజీ పిల్లల్ని మడ అడవి చూపించడానికి తీసుకెళ్ళారు. నేను రాజమండ్రిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఆడపిల్లలకి తోడుగా ఎవరో ఒకరు ఉండాలని ప్రిన్సిపాల్‌గారు నన్ను పంపారు. అది మా ఊరి పక్కనే అని నేను ఎవరితోనూ అనలేదు. బస్సు కడియం నర్సరీలు దాటుతున్నంతసేపూ పిల్లలు కిటికీల్లోంచి పూలమొక్కల్ని ఫోటోలు తీసుకుంటూనే ఉన్నారు. నేను ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా కూర్చున్నాను.

అడవిలోకి ఇప్పుడు చెక్కల దారి వేశారు. బురదకి మనిషెత్తు పైన, రెండు వైపులా రెయిలింగుతో, వంకరలు తిరుగుతూ పోతుంది. టికెట్టు తీసుకుని దానిమీద నడవాలి. కిందికి దిగకూడదు. పోటు నీరు తీసేసిన వేళ కావడంతో బురదంతా బయటపడి ఉంది. ఉడికిన గుడ్డు పెంకు ఒలిచినప్పుడు వచ్చే వాసన. పిల్లలు చున్నీలు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. ఎన్నాళ్ళయిందో.

ఒక మలుపులో ఎర్రబారిన ఆకులతో ఒక చెట్టు ఉంది. దాని కింద చిన్న బోర్డు. తిల్ల అని పేరు, ఇంగ్లీషులో ఇంకో పేరు, చివర "తాకరాదు" అని. మా ఫస్టియర్ అమ్మాయి ఒకతి ఆగింది.

"మేడమ్, దీన్నెందుకు తాకకూడదంటండీ?"

"తుంచితే పాలు కారతాయమ్మా. కళ్ళల్లో పడితే చూపు పోతుంది."

"మీకెలా తెలుసండీ?"

"బోర్డు మీద ఉంది కదా" అన్నాను. బోర్డు మీద ఆ మాట లేదు. ఆ అమ్మాయి మళ్ళీ చూడలేదు, ఫోటోకి నవ్వుతూ నిలబడింది.

మామ్మ ఎడమకన్ను మీద పాలమీగడ లాంటి పొర ఉండేది. తన పదేళ్ళప్పుడు తిల్లకొమ్మ విరిచిందట, అంతే. మా ఊళ్ళో మడ కట్టెలకి వెళ్ళే ఆడవాళ్ళలో ఆ కన్నున్న మామ్మదే పెద్దరికం. "మీకు రెండు కళ్ళున్నా నా ఒక్క కన్నుకి కనపడినంత కనపడదే" అని అందరినీ వెక్కిరించేది. మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. నాన్న వారాల తరబడి సముద్రం మీద ఉండేవాడు. అమ్మ పొద్దున్నే రొయ్యల కంపెనీలో తలలు తియ్యడానికి పోయేది. ఇంట్లో మిగిలేది మేమిద్దరమే. బడి లేని శనివారాల్లో నన్ను ఒంటరిగా వదలడం ఇష్టంలేక మామ్మ తనతోపాటు నావలో ఎక్కించుకునేది. ఆదివారం మాత్రం అడవికి సెలవు. "దేవుడు కూడా ఆ రోజు కట్టెలు కొట్టలేదు" అనేది.

మా పొయ్యిలో మడ కట్టె తప్ప ఇంకోటి ఎరగం. సరుగుడు కొనుక్కునేవాళ్ళని చూస్తే మామ్మకి జాలి. మడ కట్టె నిదానంగా, ఎర్రగా, చాలాసేపు కాలుతుంది. నిప్పు మీద ఉప్పు రాలినట్టు అప్పుడప్పుడూ చిటపటమంటుంది. దానిమీద మట్టి దాకలో పీతల ఇగురు పెట్టి, మూతమీద నాలుగు నిప్పులు వేసి, మామ్మ వాకిట్లో తల దువ్వుకునేది. ఆ వాసన వీధి చివరదాకా పోయేది. పాస్టరుగారు సైకిలు మీద వెళుతూ బెల్లు కొట్టి, "ఏంటమ్మా, ఈ పూట పీతలా?" అనేవారు. "ఆయ్, మీ వాటా పక్కన పెట్టేశానండి" అనేది మామ్మ. నిజంగానే పెట్టేది.

పోటుతో లోపలికి పోవడం, పాటుతో బయటికి రావడం, ఇదీ మామ్మ పద్ధతి. నీరు ఎక్కేటప్పుడు నావని అదే మోసుకుపోతుంది, తీసేటప్పుడు కట్టెలతో సహా అదే తీసుకొస్తుంది. మధ్యలో ఉన్న కాస్త వ్యవధిలోనే పని ముగించాలి. వాచీ ఉండేది కాదు. గట్టు మీద నిలబడి, ఒక కాలు నీళ్ళలో పెట్టి, "ఇంకా బద్ధకంగా ఉంది" అనో, "లేచిందే, పద" అనో అనేది.

మామ్మకి ఒక పాయ ఉండేది. అంటే దానికి పేరూ లేదు, కాగితమూ లేదు. పెద్ద పాయలో రెండో వంపు దాటాక ఒక కలింగ చెట్టు నీళ్ళ మీదికి వంగి ఉంటుంది. దాని పక్కన తిల్లచెట్లు గోడ కట్టినట్టు అల్లుకుని ఉంటాయి. ఎవరూ అటు పోరు, పాలకి భయం. మామ్మ మాత్రం ఆ గోడలోనే ఒక సందు కనిపెట్టింది. అక్కడికి రాగానే నావ తోసే గెడ లోపల పడేసి, నన్ను పడుకోబెట్టి, తనూ పక్కన వెల్లకిలా పడుకుని, తడిపిన పాత చీర మా ఇద్దరి మీదా కప్పేది. పోటు మమ్మల్ని మెల్లగా లోపలికి తోసుకుపోయేది. చీర మీద ఆకులు రాసుకుంటున్న చప్పుడు. లోపల చీకటి. పొగ, ఎండు మెత్తళ్ళు, బట్టలసబ్బు కలిసిన మామ్మ వాసన.

"ఊపిరి తీసుకో. తొంగి చూడమాకు."

"చూస్తే ఏమవుద్ది మామ్మా?"

"నాలాగా ఒంటికన్ను రాణివవుతావు. మొగుణ్ణి కూడా సగమే చూడాల్సొస్తాది."

ఆ చీకట్లో నేను అంకెలు లెక్కపెట్టేదాన్ని. నలభై దాటేసరికి చీర మీద ఎండ పడేది. మామ్మ చీర తీసేసేది. అవతల వేరే లోకంలా ఉండేది. అద్దంలాంటి నీళ్ళు, ఒడ్డున బురదలోంచి పైకి లేచిన చెట్ల ఊపిరి వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు, వాటి మధ్య ఒక పెద్ద ఎర్రచెయ్యి ఊపుతూ పీతపిల్లలు. కొంగలు మమ్మల్ని చూసి లేచేవి కావు.

మామ్మ మణికట్టు కన్నా లావు కొమ్మ కొట్టేది కాదు. ఒకే చెట్టు మీద రెండు వేట్లు మించి వేసేది కాదు. మొదలు జోలికి అసలు పోదు. ఎండుకొమ్మ దొరికితే ఆ రోజు పండగే. తిరిగొచ్చేముందు ఇంకో పని ఉండేది. ఉప్పుపొన్న చెట్లకి ములక్కాడల్లా కాయలు వేలాడుతుంటాయి. చెట్టుమీదే మొలకెత్తి, పక్వానికి రాగానే బురదలోకి దిగబడతాయి. నీళ్ళలో తేలుతున్నవి ఏరి, ఎన్ని మోపులు కట్టిందో అన్ని కాయలు, చెట్టు పలచబడిన చోట బురదలో బొటనవేలితో నొక్కి గుచ్చేది. ప్రతి కాయకీ ఒకే మాట. "తీసుకున్నాం ప్రభువా, పెట్టేశాం." ఒకసారి నేను ఆ కాయల్ని బల్లేల్లా కొంగల మీదికి విసురుతుంటే వీపు మీద ఒక్కటి చరిచింది. "అవి పిల్లలే. ఆడుకునేయి కాదు." తర్వాత తనే పుల్లటి కలింగకాయ కోసి, ఉప్పూ కారమూ అద్ది ఇచ్చింది. పళ్ళు పులిసి రెండు రోజులు అన్నం నమల్లేకపోయాను. ఆ సంగతి అమ్మకి చెప్పకూడదని మా ఇద్దరి ఒప్పందం.

నేను అయిదో తరగతిలో ఉండగా ఊళ్ళోకి జీపు వచ్చింది. బడి ఆవరణలో ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టారు. ఒక పెద్ద ఆఫీసరు కాగితం చూసి చెప్పాడు. ఇకనుంచి మడ అడవిలో పచ్చికొమ్మే కాదు, ఎండుపుల్ల కూడా తియ్యకూడదట.

"ఇది మేం పెట్టిన రూలు కాదమ్మా. దేశమంతటికీ ఒకటే రూలు. ఢిల్లీ నుంచి వచ్చింది."

"ఢిల్లీవోళ్ళు అన్నం దేంతో వండుకుంటారండీ?" అంది మా వెనకింటి పిన్ని.

"గ్యాసు మీద."

"మరి ముందు అది మా ఇళ్ళకి పంపించి, తర్వాత ఈ ముక్క చెప్పకూడదాండీ?"

అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. గ్యాసు కూడా వస్తుందన్నాడు. ఉప్పెన వస్తే మీ ఊరిని కాసేది ఈ చెట్లే కదా అన్నాడు. అది అబద్ధం కాదని అందరికీ తెలుసు, అందుకే నవ్వు ఆగింది. అప్పుడు మామ్మ లేచింది.

"ఆయ్, అదంతా నిజమేనండి. మరి రొయ్యల చెరువులకని మిషన్లు పెట్టి ఎకరాలకెకరాలు పెకలించేసినప్పుడు ఈ ఢిల్లీ ఎక్కడుందండి?"

"అవి కూడా ఆపించారు కదమ్మా."

"ఆపించారండి. చెట్టన్నది లేకుండా పోయాక ఆపించారు. ఇప్పుడు నా పొయ్యి దగ్గరికొచ్చారు."

ఆ జీపులోనే ఒక కొత్త గార్డు దిగాడు. ఇస్త్రీ మడత చెదరని ఖాకీ బట్టలు, మెరిసే బూట్లు. కడియం వైపు నర్సరీల వాళ్ళ అబ్బాయని తెలిసింది. మొదటి రోజే గట్టు దిగి ఒక బూటు బురదలో పోగొట్టుకున్నాడు. "కుండీల్లో మొక్కలనుకున్నాడు కామోసు" అని ఆడవాళ్ళు వారం రోజులు నవ్వుకున్నారు. మామ్మ ఆ బూటు వెతికి, కడిగి, ఎండబెట్టి ఇచ్చింది. "థాంక్సండి మామ్మగారూ" అన్నాడు. గారు అన్నందుకు మామ్మ ఇంటికొచ్చి అద్దంలో మొహం చూసుకుంది.

రూలు వచ్చినా మామ్మ పోవడం మానలేదు. తిల్లచెట్ల వెనక ఎవరు చూస్తారు?

కొన్నాళ్ళకి ఫారెస్టు ఆఫీసు వాళ్ళు బళ్ళో వ్యాసరచన పోటీ పెట్టారు. అంశం "మా ఊరి అడవి". రెండు పేజీలు మించకూడదు. తెలుగు టీచరుగారు బోర్డు మీద కొన్ని మాటలు రాశారు: ఆక్సిజన్, వర్షాలు, వన్యప్రాణులు. అందరూ అవే రాసుకున్నారు. నేను నోరు విప్పి నలుగురిలో మాట్లాడలేని పిల్లని. టీచరుగారు పేరు అడిగినా బల్లకేసి చూసేదాన్ని. కాగితం మీద మాత్రం అలా ఉండేది కాదు. ఆ రోజు మీటింగులో మామ్మ సగమే చెప్పిందనిపించింది నాకు. మణికట్టు సంగతి చెప్పలేదు, కాయలు గుచ్చే సంగతి చెప్పలేదు. వాళ్ళకి అది తెలియక కదా అందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు! తెలిస్తే మామ్మని వదిలేస్తారు. ఇంకా మాట్లాడితే మెచ్చుకుంటారు.

అందుకని అంతా రాశాను. పేర్లు రాయలేదు, "మా మామ్మ" అని రాశాను. దారి కూడా రాశాను, నమ్మకపోతే వెళ్ళి చూసుకుంటారని. రెండో వంపు దాటాక "తల ఆరబోసుకుంటున్న ముసలమ్మలా వంగిన కలింగ చెట్టు" ఉంటుందని, దాని పక్క చెట్ల వెనకే మా మామ్మ పాయ అని రాశాను. ఆ పోలిక నాకు ఎంత నచ్చిందంటే దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. అప్పటికే రెండో పేజీ చివరికొచ్చేశాను. తిల్ల పాల గురించి రాస్తే మామ్మ కన్ను గురించి రాయాలి. చోటు లేదు. ఉన్నా రాసేదాన్ని కాదేమో.

నాకు మొదటి బహుమతి వచ్చింది. వేదిక ఎక్కమంటే బెంచీకి అతుక్కుపోయాను. టీచరుగారే తీసుకొచ్చి నా చేతిలో పెట్టారు, అట్టమీద పులి బొమ్మ ఉన్న డైరీ. మామ్మ దాన్ని వీధి వీధంతా తిప్పింది. లోపల నా పేరు రాసిన పేజీ తీసి, తలకిందులుగా పట్టుకునే తిప్పింది, చదువురాదు కదా. "అడవి మీద రాసిందంట! రాయదా మరి? అందులోనే కదా పెరిగింది!" ఆ పూట నాకోసం రొయ్యలు, గోంగూర వండింది. తింటుంటే అడిగింది.

"ఏం రాశావే?"

"అడవి గురించి."

"అందులో నేనున్నానా?"

నాకు ఎందుకో భయం వేసింది. రాసేటప్పుడు లేని భయం, ఆ ప్రశ్న వినగానే వచ్చింది.

"లేవు" అన్నాను.

"అదేంటే, ఓ మూల పెట్టకపోయావా నన్ను" అంది, నా కంచంలో ఇంకో రొయ్య వేస్తూ.

తర్వాత వచ్చిన రెండో శనివారం. పోటు పొద్దున్నే వచ్చింది. ఎండగా ఉంది. రెండో వంపు తిరిగేసరికి మామ్మ గెడ ఆపేసింది. తిల్లగోడలో ఎవరో కత్తితో దారి కొట్టారు. తెగిన కొమ్మల చివర్ల నుంచి తెల్లటి పాలు నీళ్ళలోకి బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"తిల్ల కొట్టాడే ఎవడో! బుద్ధున్నవాడెవడైనా..." అంటుండగానే లోపలినుంచి విజిల్ వినిపించింది. గట్టిగా కాదు. ఊపిరి చాలనివాడు ఊదినట్టు. తర్వాత, "ఎవరైనా ఉన్నారా అండీ?" అన్న కేక.

ఫారెస్టు విజిల్ అని మా ఇద్దరికీ తెలుసు. మామ్మ గెడ మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. నావ ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు.

"మామ్మా, వెళ్ళిపోదాం" అన్నాను.

"పోటెక్కుతుందే. పాటు మీద నడిచెళ్ళుంటాడు. ఇంకాసేపట్లో గొంతు దాకా వచ్చేత్తాది."

"వాళ్ళవాళ్ళు వస్తారులే."

మామ్మ నావైపు చూసింది. ఆ మంచి కన్నుతో. చీర నీళ్ళలో ముంచి, పిండకుండానే నామీద కప్పింది. ఆ రోజు తను పడుకోలేదు. తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మూసుకుని, నిలబడే గెడ వేసింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎక్కడా అంకె నిలవలేదు.

ఆ గార్డే. ఛాతీ దాకా నీళ్ళలో, ఒక ఉప్పుపొన్న వేరుని కౌగిలించుకుని ఉన్నాడు. రెండో చేత్తో కళ్ళు రుద్దుకుంటున్నాడు. రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. తోటివాళ్ళు మోటారు పడవలో దింపి, మధ్యాహ్నం వస్తామని వెళ్ళారట.

"చెయ్యి తియ్యి బాబూ! రుద్దమాకు! రుద్దితే నాలాగా అయిపోతావు!"

మామ్మ అతన్ని చొక్కా కాలరు పట్టుకుని నావలోకి లాగింది. నేను కాళ్ళు పట్టుకున్నాను. మేము తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ళ బిందె మొత్తం ఆ కళ్ళలోనే పోసింది, కొంచెం కొంచెంగా, రెప్పలు వేళ్ళతో విడదీసి. అతను పళ్ళు బిగబట్టి ఏడుస్తున్నాడు.

"ఎవరండీ మీరు?"

"కట్టెలకొచ్చినదాన్ని. ఇంకెవరుంటారిక్కడ?"

నొప్పిలోనే నవ్వబోయాడు. "మామ్మగారా అండీ... ముసలమ్మలా వంగిన చెట్టు దాకా కరెక్టుగానే వచ్చానండీ. తల ఆరబోసుకుంటున్నట్టు ఉంటుందని..."

నా మాట. నా ఇష్టమైన మాట, అతని నోట్లోంచి. నేను నావ అంచు పట్టుకుని కిందికి చూస్తున్నాను. నీళ్ళలో నా మొహం కదులుతోంది.

"మాట్లాడమాకు బాబూ, పాలు నోట్లోకి పోతాయి" అంది మామ్మ. బిందె బోర్లించి చివరి చుక్క కూడా పోసింది.

పెద్ద పాయలోకి వచ్చేసరికి మోటారు పడవ ఎదురొచ్చింది. మీటింగులో మాట్లాడిన ఆఫీసరే ఉన్నాడు. గార్డు కళ్ళకి మామ్మ తువ్వాలు కట్టి ఉంది. "సార్, ఈవిడే లేకపోతే..." అన్నాడు. ఆఫీసరు నావలో ఉన్న గొడ్డలీ తాడూ చూశాడు. మామ్మకి దణ్ణం పెట్టాడు.

"అది వేరమ్మా, ఇది వేరు. కేసు రాయను. నావ మాత్రం ఉంచెయ్యాలి."

"నావ లేకపోతే నేనేం చేస్తానండి?" అంది మామ్మ. ఎప్పుడూ ఎవరికో ఒకరికి తిరిగి అంటించే మనిషి, ఆ ఒక్క మాటే అంది.

నావని ఫారెస్టు ఆఫీసు ఆవరణలో బోర్లించారు. నా బడిదారి దాని పక్కనుంచే. మొదటి ఏడు అడుగున పూసిన తారు పెచ్చులూడింది. తర్వాత పలకల మధ్య గడ్డి మొలిచింది. ఒక కుక్క దానికింద పిల్లల్ని పెట్టింది. రోజూ అటు చూడకుండా నడిచేదాన్ని, అందుకే ప్రతి పలకా గుర్తుంది.

గ్యాసు వచ్చింది. చెప్పినట్టే ఇచ్చారు. అమ్మకి ప్రాణం లేచొచ్చింది, పొగ లేదు, మసి లేదు, కంపెనీకి టైముకి పోవచ్చు. మామ్మ ఆ మంట మీద పీతల ఇగురు చేసి రుచి చూసి, "కూర ఉడికింది గానీ, ఎవరూ లేని ఇంట్లో ఉడికినట్టుంది" అంది. పాస్టరుగారి బెల్లు మోగడం తగ్గింది. చూరులో మిగిలిన ఒకే ఒక్క మడ కట్టెని మామ్మ కాల్చలేదు. గుమ్మం తలుపు కొట్టుకోకుండా ఆనుగా పెట్టుకుంది.

మరుసటి ఏడు అడవిలో ఖాళీ అయిన చోట్ల మొక్కలు నాటే పని మొదలైంది. చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటునీరు లోపలికి పారేలా చేసి, ఆ గట్ల మీద మడ మొక్కలు పెట్టేవారు. మామ్మ కూలికి వెళ్ళింది. ఆ గార్డే పని చూసేవాడు. అతని కళ్ళు బాగయ్యాయి, ఎండలో మాత్రం నీళ్ళు కారేవి. "ఎంత లోతు గుచ్చాలండి మామ్మగారూ?" అని అతను అడగడం, "బొటనవేలు ములిగేంత. నర్సరీలో చెప్పలేదా మీ నాన్న?" అని మామ్మ వెటకారం ఆడటం, పని నుంచి వచ్చిన పిన్ని ఇంట్లో అనుకరించి చూపించేది. అందరూ నవ్వేవారు. నేను పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని.

అడవి పెరిగింది. నిజంగా పెరిగింది. ఒక పెద్ద గాలివానకి పక్క తీరమంతా అల్లాడినా మా ఊళ్ళో తాటాకు కప్పులు కూడా చాలావరకు నిలిచాయి. ఆ పొద్దున్న మామ్మ గట్టు మీద నిలబడి ఆ పచ్చటి గోడని చాలాసేపు చూసింది.

"మంచే జరిగిందే" అంది. గట్టు దిగుతూ, "మనమే బయటుండిపోయాం" అంది.

ఇవన్నీ ఆ రోజు చెక్కల దారి మీద నడుస్తూ తలుచుకున్నాను. చివర్లో పిల్లల్ని మోటారు పడవ ఎక్కించి పెద్ద పాయలో తిప్పారు. నేనూ ఎక్కాను. ఒకటో వంపు. రెండో వంపు. కలింగ చెట్టు లేదు, గాలివానకి పోయి ఉంటుంది. తిల్లచెట్లు మాత్రం మరింత ఒత్తుగా, సందన్నది లేకుండా కలిసిపోయాయి. ఆ వెనక నీళ్ళు ఇప్పటికీ అద్దంలా ఉంటాయనుకుంటాను. మామ్మ గుచ్చిన కాయలు చెట్లై, వాటి కాయలు కూడా చెట్లై ఉంటాయి. తడిచీర కప్పుకుని అక్కడికి వెళ్ళేవాళ్ళు లేరు. "అటువైపు ఏముందండీ?" అని అడిగింది ఆ అమ్మాయే. "ఏమీ లేదమ్మా, అడవే" అన్నాను.

మామ్మ పోయి రెండేళ్ళవుతోంది. ఆఖరిసారి చూసింది ఒక ఆదివారం. నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. రాజమండ్రి హాస్టలు నుంచి వారం వారం వచ్చేదాన్ని. మామ్మ మంచం పట్టి అప్పటికి నెల. రెండో కన్ను కూడా మసకబారింది. గుమ్మం దగ్గర మడ కట్టె అలాగే ఉంది. చర్చిలో సాయంత్రం పాటలు మొదలయ్యాయి, అమ్మ వెళ్ళింది. బస్సుకి నేను సంచి సర్దుకుంటున్నాను. అడుగున ఆ పులిబొమ్మ డైరీ ఉంది. ఎందుకో ఆ రోజు దాన్ని తీసి చేతిలో పట్టుకున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంక లేదని తెలుస్తోంది.

మంచం పక్కన కూర్చున్నాను. "మామ్మా" అన్నాను. "మామ్మా, నావ... ఆ పాయ సంగతి..."

మామ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి డైరీ అట్ట మీద ఆగింది. దాన్ని గుర్తుపట్టింది.

"ఆ గార్డు అబ్బాయి నువ్వు రాసింది చదివి వినిపించాడే నాకు, మొక్కలు నాటేటప్పుడు. కాగితం దాచాడంట. రెండుసార్లు చదివించుకున్నాను. కాయలు గుచ్చేది కూడా రాశావు."

ఇన్నేళ్ళూ తెలుసు. నా కంచంలో రొయ్యలు వేసినన్నాళ్ళూ, నా జడ వేసినన్నాళ్ళూ తెలుసు. నేను ఏడుస్తున్నానని తనకి కనపడలేదనుకుంటాను. కనపడిందేమో. బయట బస్సు హారను మోగింది. మామ్మ డైరీ మీంచి చెయ్యి తీసి, వెళ్ళమన్నట్టు నన్ను తోసింది. నేను గుమ్మం దాటుతుంటే, పూర్వంలాగే, ఎవరినో వెక్కిరించబోయేముందు పలికే ఆ గొంతుతో వెనకనుంచి అంది:

"అన్నీ రాశావు గానీ, తిల్ల పాలు కళ్ళల్లో పడతాయని రాయలేదేంటే? పాపం, ఆ పిల్లోడికి చూపు పోయుండేది."